జడ్జిగారి కాపలా

మే 4, సోమవారం

ఈ డైరీ కొనడానికి ప్రత్యేకమైన కారణం ఏమీ లేదు. పిల్లలకి రంగు పెన్సిళ్ళు కొనబోతే అట్ట నచ్చింది, తీసుకున్నాను. రోజూ రాస్తే జ్ఞాపకశక్తికి మంచిదని ఎవరో అన్నారని కాదు. నా జ్ఞాపకశక్తికి వచ్చిన లోటేమీ లేదు. టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరైనదాన్ని. ఊళ్ళో ఎవరి నంబరైనా నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని.

పిల్లలకి సెలవులిచ్చారు. కోడలు పొద్దున్న కళ్ళజోళ్ళ షాపులో పనికి వెళ్ళి సాయంత్రం వస్తుంది. అబ్బాయి ఉద్యోగం వేరే ఊళ్ళో, నెలకోసారి వస్తాడు. కాబట్టి పగలంతా ఇద్దరు పిల్లలూ నా సొత్తే. పెద్దదానికి ఏడేళ్ళు. ప్రతిదానికీ తీర్పు చెప్పేస్తుంది, అందుకని జడ్జిగారు అంటాను. చిన్నవాడికి నాలుగు. గుండ్రంగా ఉంటాడు, ఎటు వదిలితే అటు దొర్లిపోతాడు. వాడు బఠాణీ.

సబ్బు అయిపోయింది, కొనుక్కొచ్చాను. చేతుల దురదకి మాత్ర వేసుకున్నాను.

మే 5, మంగళవారం

సబ్బు అయిపోయిందని వెళ్ళి కొనుక్కొచ్చాను. తీరా చూస్తే బాత్రూములో కొత్త సబ్బు ఉంది. కోడలు తెచ్చి ఉంటుంది. తెచ్చినప్పుడు ఒక్క మాట చెప్పొచ్చు కదా, చెప్పదు. మళ్ళీ నేను అడిగితే నొచ్చుకుంటుంది. అడగలేదు.

జలుబు ఇంకా పూర్తిగా తగ్గలేదు. జలుబు మాత్ర, దురద మాత్ర వేసుకున్నాను. ఎదురింటి టైలరమ్మ ఇచ్చిన నిద్ర మాత్ర కూడా. చాలా మంచిదట, ఆవిడ ఏడాదిగా వేసుకుంటోందట.

మే 6, బుధవారం

టీ వడకట్టే అది కనబడలేదు. పొద్దున్నంతా వెతికాను. దాన్ని ఏమంటారో కూడా నోటికి రావడంలేదు. సన్నగా రంధ్రాలుంటాయి, పట్టుకోవడానికి కాడ ఉంటుంది. జడ్జిగారిని అడిగితే చెబుతుంది, కానీ దాన్నడిగి తీర్పు చెప్పించుకోవడం ఎందుకు. రేపు గుర్తొచ్చాక ఇక్కడ రాస్తాను.

జడ్జిగారికి సెలవుల హోంవర్కు ఇచ్చారు. ఊరి మ్యూజియానికి వెళ్ళి ఏదో ఒక పాత వస్తువు బొమ్మ గీసి, దాన్ని వాడిన పెద్దవాళ్ళని అడిగి నాలుగు వాక్యాలు రాయాలట. "నువ్వు పాతదానివే కదా నానమ్మా, మనం నీ వస్తువు దగ్గరికే వెళ్దాం" అంది. రేపు వెళ్తున్నాం.

మే 7, గురువారం

మ్యూజియానికి వెళ్ళాం. పిల్లలు బాగా ఆడుకున్నారు. అక్కడి గార్డు మంచివాడు. మాత్రలు వేసుకున్నాను.

మే 8, శుక్రవారం

విశేషాలేమీ లేవు.

మే 11, సోమవారం

జడ్జిగారికి నా మీద ప్రేమ ఎక్కువైపోయింది. ఎటు తిరిగితే అటు వెంట వస్తోంది. వంటింట్లో నా పని అయ్యాక స్టవ్వు దగ్గరికి వెళ్ళి మీటలు ఒక్కొక్కటీ తిప్పి చూస్తుంది. నేను స్నానానికి వెళ్తే తలుపు బయట కూర్చుని పాటలు పాడుతుంది, మధ్యలో ఆపి "నానమ్మా" అంటుంది, నేను "ఊఁ" అంటే మళ్ళీ పాట. కొత్తగా ఒక ఆట కూడా కనిపెట్టింది. "నానమ్మా, ఆట ఆడదాం. ఇవాళ ఏ వారమో చెప్పు." నేను చెబితే చప్పట్లు కొడుతుంది. ఈ వయసులో పిల్లలకి ఇలాంటి పిచ్చి ఆటలు మామూలే.

కోడలు ఈ మధ్య మధ్యాహ్నం భోజనానికి ఇంటికొస్తోంది. షాపులో పని తక్కువగా ఉందట. సెలవుల్లో అందరూ పిల్లల కళ్ళు చూపించుకుంటారు, పని తక్కువెందుకుంటుందో నాకు అర్థం కాలేదు. ఏమైతేనేం, వేడిగా నాలుగు మెతుకులు తింటోంది.

మే 12, మంగళవారం

గురువారం సంగతి రాస్తాను. ఇది ఎవరూ చదివేది కాదు. నాకు నేను అబద్ధం రాసుకుంటే ఈ పుస్తకం దేనికి.

మ్యూజియం పాత నీళ్ళ పంపుహౌసులో పెట్టారు. కింద పెద్ద హాలు, పైన గదులు. ప్రతి వస్తువు ముందూ "తాకరాదు" అని అట్టముక్క. జడ్జిగారు ప్రతి అట్టముక్కనీ పైకి చదివి తమ్ముణ్ణి హెచ్చరిస్తూ నడిచింది. వాడు పాత తక్కెడ దగ్గరికి వెళ్ళి ముక్కుతో పళ్ళాన్ని నెట్టి, "చేత్తో తాకలేదుగా" అన్నాడు. గార్డు చూసి కూడా చూడనట్టు మొహం తిప్పుకున్నాడు. అప్పటిదాకా అంతా బాగానే ఉంది. చాలా సంతోషంగా ఉన్నాను కూడా.

పై గదిలో టెలిఫోన్ స్విచ్‌బోర్డు ఉంది. అచ్చం నేను ఉద్యోగంలో చేరినప్పుడు మా ఎక్స్‌ఛేంజిలో ఉన్నదాని లాంటిదే. బోర్డు నిండా చిన్న చిన్న రంధ్రాలు, కింద వరసగా వైర్లు, పక్కన చెవులకి పెట్టుకునే ఫోను. దాన్ని చూడగానే కళ్ళు చెమర్చాయి. అలాంటి దాని ముందు ఎన్ని ఏళ్ళు కూర్చున్నాను. పండగా పబ్బమా, రాత్రా పగలా, ఊరంతా నా చేతుల మీదుగా మాట్లాడుకునేది.

జడ్జిగారు పెన్సిలు పట్టుకుని రెడీగా నిలబడింది. "చెప్పు నానమ్మా. ఎలా కలిపేదానివి?"

నోరు తెరిచాను. ఏమీ రాలేదు. వైరు తీసి... తీసి ఎక్కడ పెడతాం? ముందు ఏ వైరు? మనం మాట్లాడేది వైరు పెట్టకముందా, పెట్టాకా? నా చేతులకేసి చూసుకున్నాను, అవైనా చెబుతాయేమోనని. అవి నా కొంగు పట్టుకుని ఊరికే ఉన్నాయి. దాని తల మీదుగా అట్టముక్క మీద రాసి ఉన్నది చదివి, నేను చెబుతున్నట్టుగా అప్పజెప్పాను.

"అది నేనూ చదవగలను" అంది జడ్జిగారు. "నువ్వు చేసింది చెప్పు."

"బస్సుకి టైమైంది" అన్నాను. దాని చెయ్యి పట్టుకుని మెట్లు దిగి, గేటు దాటి, బస్టాపుకి వచ్చేశాను. అక్కడ బస్సూ లేదు ఏమీ లేదు. బెంచీ మీద కూర్చున్నాక అది నాకేసి వింతగా చూసి, "తమ్ముడో?" అంది.

"వాడు ఇంట్లో ఉన్నాడు కదే" అన్నాను.

ఇది రాయడానికే అయిదు రోజులు పట్టింది. ఏదో మాటవరసకి అనలేదు. నిజంగానే అనుకున్నాను. వాడు ఇంట్లో, మంచం మీద, పక్క మీద బోర్లా పడుకుని ఉన్నట్టు నా కళ్ళకి కట్టింది.

అది నన్ను వదిలించుకుని రోడ్డు వారగా వెనక్కి పరిగెత్తింది. దాని వెనక నేను. గేటు దగ్గర గార్డు వాణ్ణి భుజం మీద కూర్చోబెట్టుకుని ఎదురొస్తున్నాడు. కింద హాల్లో పాత మంగలి షాపు కుర్చీ ఉందిగా, మనవాడు తాడు కింద నుంచి దూరి దాన్నెక్కి, కటింగు కోసం తల వంచుకుని కూర్చున్నాడట.

"అమ్మా, మ్యూజియానికి సామాను ఇచ్చేవాళ్ళు మాతో చెప్పి ఇస్తారు" అన్నాడు గార్డు నవ్వుతూ. "మీరు ఊరికే వదిలేసి వెళ్ళిపోతున్నారు. పైగా ఇది మరీ కొత్త సరుకు."

నేనూ నవ్వాను. అతనికి నవ్వు తప్ప ఇంకేమీ కనిపించకుండా చాలాసేపు నవ్వాను.

బస్సులో బఠాణీ ఒళ్ళో నిద్రపోయాడు. జడ్జిగారు నిద్రపోలేదు. వచ్చే ప్రతి స్టాపూ కిటికీలోంచి చూసి, "మనది కాదు" అంటూ కూర్చుంది. ఎప్పుడూ బస్సెక్కగానే నా భుజం మీద వాలిపోయే పిల్ల. మన స్టాపు వస్తుంటే నాకంటే ముందు లేచి నిలబడింది. దిగాక, నాకేసి చూడకుండా, "అమ్మకి చెప్పనులే నానమ్మా" అంది.

నేను దాన్ని అడగలేదు. అదే అంది. కానీ చెప్పమని కూడా అనలేదు.

మే 13, బుధవారం

మొన్నటిదీ నిన్నటిదీ చదువుకున్నాను. స్టవ్వు మీటలు, స్నానాల గది ముందు పాటలు, ఏ వారమో చెప్పే ఆట. ప్రేమ అని రాసుకున్నాను. సిగ్గుగా ఉంది. పిల్ల నాకు కాపలా కాస్తోంది.

మాత్రలు వేసుకున్నాను. సబ్బు కొన్నాను.

మే 14, గురువారం

పై అంతస్తు పిల్ల పుట్టినరోజట. జడ్జిగారిని పిలవడానికి వాళ్ళమ్మ స్వయంగా వచ్చింది. ఇది కడుపునొప్పి అంది. ఆవిడ వెళ్ళిపోయాక, "నొప్పి ఎక్కడే?" అని పొట్ట మీద చెయ్యి వేస్తే తల వంచుకుంది.

"నొప్పి లేదు."

"మరి వెళ్ళొచ్చుగా. గౌను కూడా ఉతికి పెట్టాను."

"నేను వెళ్తే తమ్ముణ్ణి ఎవరు చూస్తారు?"

నన్ను నొప్పించాలని అన్న మాట కాదు. పెద్దవాళ్ళు ఇంటి పనులు లెక్కచూసుకుంటున్నట్టు, మామూలుగా అంది. దానికి ఉన్నవే ఏడేళ్ళు. దాని స్నేహితురాళ్ళంతా పైన గెంతుతుంటే ఆ చప్పుడు మాకు కప్పు మీద వినబడుతోంది. అది తమ్ముడి పక్కన కూర్చుని వాడి రంగు పెన్సిళ్ళు చెక్కుతోంది.

సాయంత్రం కోడలు రాగానే చెప్పేశాను. చెప్పులు కూడా విప్పలేదు పాపం. మ్యూజియం సంగతి, స్విచ్‌బోర్డు సంగతి, వాడు ఇంట్లో ఉన్నాడనుకున్న సంగతి, సబ్బుల సంగతి. "ఇంక పిల్లల్ని నా మీద వదిలెయ్యకమ్మాయ్. ఎక్కడైనా చేర్పించు. నా మతి పోతోంది" అన్నాను. ఆ మాట అన్నాక ఏడుపొచ్చింది. మతి పోతుందన్న భయం కంటే, ఆ ఇద్దరూ నా చేతుల్లోంచి పోతారన్నదే నా భయమని అప్పుడే నాకు తెలిసింది.

ఆమె కుర్చీలో కూర్చోలేదు. నా మంచం పక్కన నేల మీద కూర్చుంది.

"నాకు తెలుసత్తయ్యా."

"జడ్జి చెప్పిందా?"

"అది నోరు విప్పలేదు. చిన్నాడు ఆ రాత్రే చెప్పాడు. గార్డు మామయ్య భుజం మీద ఎక్కించుకున్నాడు, నానమ్మ వెళ్ళిపోయింది అని."

"వారం నుంచీ తెలిసి, ఇంకా నా దగ్గరే వదిలి వెళ్తున్నావా?"

"అందుకేగా మధ్యాహ్నం వస్తున్నా. ఓనరుతో గొడవపడి మరీ వస్తున్నా" అంది. "మిమ్మల్ని ఎలా అడగాలో తెలియలేదు. ఎక్స్‌ఛేంజి అత్తగారిని మీకు మతిమరుపొచ్చిందా అని ఏ కోడలు అడుగుతుంది చెప్పండి. రేపు డాక్టరు దగ్గర పేరు రాయించాను. నాకు తలనొప్పని చెప్పి మిమ్మల్ని తోడు తీసుకెళ్దామనుకున్నా."

ఇద్దరం నవ్వాం. నవ్వుతూనే ఆమె కళ్ళు తుడుచుకుంది. ఇన్నేళ్ళలో ఈ పిల్లని నేను సరిగ్గా చూడలేదేమో అనిపించింది.

మే 15, శుక్రవారం

డాక్టరు చిన్నపిల్ల. నా మనవరాలికి అక్కలా ఉంది. గడియారం బొమ్మ గీయమంది, వెనక నుంచి అంకెలు చెప్పమంది, మూడు మాటలు చెప్పి కాసేపాగి అడిగింది. రెండు చెప్పాను. మూడోది రాలేదు. కోడలి కేసి చూశాను. ఆమె మాత్రం మొహంలో ఏమీ చూపించకుండా, "ఏమేం మందులు వాడుతున్నారు?" అంది.

"ఏముంది, మామూలువే" అన్నాను.

కోడలు నా మందుల సంచీ తెచ్చింది. బోర్లించింది. డాక్టరు ఒక్కొక్కటీ తీసి పక్కన పెట్టి, చివరికి మూడు అట్టలు దగ్గరగా జరిపింది. దురదది, జలుబుది, టైలరమ్మది.

"ఇవి మూడూ రోజూ వేసుకుంటున్నారా?"

"దురదది పొద్దున్నా రాత్రీ. జలుబుది... జలుబు తగ్గింది కానీ, మంచిదే కదాని మానలేదు. ఇది నిద్రకి."

"ఎన్నాళ్ళ నుంచి?"

కోడలూ నేనూ మొహాలు చూసుకున్నాం. దురదది నేను షాపువాణ్ణి అడిగి తెచ్చుకున్నది. జలుబుది కోడలు తెచ్చింది, అయిపోయినప్పుడల్లా తెస్తూనే ఉంది, నేను ఇంకా దగ్గుతున్నాననుకుని. నిద్రది ఎదురింటిది. ఎవరికి వాళ్ళం నా మంచికే చేశాం.

"పేర్లు వేరు, రంగులు వేరు" అంది డాక్టరు. "లోపలి మందు మూడింట్లోనూ ఒకే జాతి. ఇందులో ఒక్కటి వేసుకున్నా మీ వయసులో మెదడు మొద్దుబారుతుంది. మీరు మూడు కలిపి వేసుకుంటున్నారు. ఇంత మత్తులో ఇద్దరు పిల్లల్ని చూసుకుంటున్నారా? నేనైతే లేచి నిలబడలేను."

"అయితే నాకు మతిమరుపు జబ్బు లేదా?"

"లేదని ఇవాళే చెప్పను. రక్త పరీక్షలు చేద్దాం. ఈ మూడూ ఆపేయండి. రెండు మూడు వారాలయ్యాక చూద్దాం. కానీ మీ స్థానంలో నేనుంటే ఈ రాత్రి హాయిగా పడుకుంటాను."

హాయిగా ఎక్కడ పడుకోవడం, నిద్ర మాత్ర లాక్కుంది కదా. అయినా బయటికొచ్చాక మెట్ల మీద కూర్చుండిపోయాను. కోడలు కంగారుపడింది. "ఏం లేదమ్మాయ్, కాస్త ఊపిరి పీల్చుకోనీ" అన్నాను.

మే 19, మంగళవారం

నిద్ర లేదు. చేతులు ఒకటే దురద. కొబ్బరినూనె రాసుకుని గోక్కుంటూ కూర్చున్నాను. టైలరమ్మకి సంగతి చెప్పి, ఆవిణ్ణి కూడా డాక్టరుకి చూపించుకోమన్నాను. "మరి నాకేం కాలేదే" అని మూతి ముడుచుకుంది. పదినిమిషాల తర్వాత వచ్చి డాక్టరు ఫోన్ నంబరు అడిగి తీసుకుంది.

రక్త పరీక్షల్లో అంతా బాగానే ఉందట.

మే 23, శనివారం

జల్లెడ. టీ జల్లెడ.

పొద్దున్న మొహం కడుక్కుంటుంటే దానంతటదే వచ్చింది. తువ్వాలు కూడా తీసుకోకుండా వచ్చి రాస్తున్నాను, కాగితం తడిసింది.

మే 27, బుధవారం

పొగమంచులోంచి బయటికొచ్చినట్టుంది. లోపల ఉన్నన్నాళ్ళూ అది మంచని తెలియలేదు. ఈ డైరీ మొదటి నుంచి చదివితే ఎవరో వేరే ఆవిడ రాసినట్టుంది. పాపం ఆవిడ ఎన్ని సబ్బులు కొందో. బీరువా కింద అరలో ఇంకా ఆరున్నాయి.

అబ్బాయి ఫోన్ చేస్తే వాడి పాత స్నేహితుల ఇళ్ళ నంబర్లు వరసగా అప్పజెప్పాను. "అమ్మా, వాళ్ళెవరికీ ఇప్పుడు ఆ ఫోన్లు లేవే" అన్నాడు. లేకపోతే పోనీ. నాకు గుర్తున్నాయి.

జడ్జిగారు మాత్రం దిగిరాలేదు. నాకు నయమైందని, మందుల వల్లేనని వాళ్ళమ్మా నేనూ విడమరిచి చెప్పాం. శ్రద్ధగా వింది. "సరే" అంది. రాత్రి భోజనాలయ్యాక వెళ్ళి స్టవ్వు మీటలు తిప్పి చూసింది.

నాకు తగ్గింది. దానికింకా తగ్గలేదు. నా వల్ల పట్టుకున్నది, దాన్ని మందు ఆపేసి తగ్గించలేను కదా.

జూన్ 3, బుధవారం

డాక్టరు మళ్ళీ గడియారం గీయించింది. మూడు మాటలు చెప్పాను. "ఇంకో మూడు చెప్పమంటారా?" అంటే నవ్వి, ఏడాదికోసారి వచ్చి కనబడమంది. కోడలు బయటికి రాగానే నా భుజం చుట్టూ చెయ్యి వేసింది. రోడ్డు మీద అలా నడవడం నాకు అలవాటు లేదు. తీసెయ్యమనలేదు.

జూన్ 5, శుక్రవారం

హోంవర్కు పూర్తి కాలేదని, మళ్ళీ మ్యూజియానికి వెళ్దామని నేనే అన్నాను. జడ్జిగారు తమ్ముడి కేసి చూసింది. "అమ్మ కూడా వస్తుందా?" అంది. రాదన్నాను. "సరే, నేను తమ్ముడి చెయ్యి పట్టుకుంటా" అంది. "నువ్వు పుస్తకం పట్టుకో. వాడి చెయ్యి నేను పట్టుకుంటాను" అన్నాను. వాదించలేదు గానీ, వెళ్ళేటప్పుడు బస్సులో ప్రతి స్టాపూ చూసింది.

గార్డు గుర్తుపట్టాడు. "ఇవాళ ఎన్ని వస్తువులు వదిలిపెడతారమ్మా?" అన్నాడు. జడ్జిగారు నవ్వలేదు. అతనికేసి కోపంగా చూసింది. నా కొంగు కొస పట్టుకుంది.

పైకి వెళ్ళాం. స్విచ్‌బోర్డు ముందు నిలబడి చెప్పడం మొదలుపెట్టాను. ఎవరైనా ఫోనెత్తితే వాళ్ళ రంధ్రం మీద దీపం వెలుగుతుంది. వెనక వరస వైరు తీసి అందులో పెట్టి, నంబరు ప్లీజ్ అంటాం. వాళ్ళు చెప్పిన నంబరు రంధ్రంలో ముందు వరస వైరు. మీట నొక్కితే అవతల గంట. ఒకసారి రాత్రి డ్యూటీలో ఒకాయన నంబరు చెప్పకుండా, "మా ఆవిడకి నొప్పులొస్తున్నాయి, ఎవరినో ఒకరిని పిలవండి" అని ఏడిస్తే, నేనే మంత్రసానినీ డాక్టరునీ రిక్షావాణ్ణీ ముగ్గుర్నీ లేపాను. ఆడపిల్ల పుట్టింది. మర్నాడు ఎక్స్‌ఛేంజికి మిఠాయి పంపాడు.

జడ్జిగారు గబగబా రాసుకుంటోంది. "తర్వాత? తర్వాత?" అంటోంది. కొంగు ఎప్పుడు వదిలేసిందో నేను చూడలేదు. బఠాణీ నా చేతిలోనే ఉన్నాడు, చెమట పట్టిన చిన్న చెయ్యి.

నాలుగు వాక్యాలు రాయమంటే పేజీన్నర రాసింది. రాయడం అయిపోగానే పుస్తకం నా చేతిలో కుక్కి, పక్క గదిలో ఎవరో పిల్లలు పాత కెమెరా నల్లగుడ్డ చుట్టూ చేరి నవ్వుతుంటే అటు పరిగెత్తింది. వెనక్కి తిరిగి చూస్తుందేమోనని చూశాను. గుమ్మం దగ్గర కూడా చూడలేదు. వాళ్ళతో కలిసి ఎవరి పేరో గట్టిగా అరుస్తుంటే గార్డు వచ్చి మందలించాడు. దాని గొంతే అందరికంటే పైన వినబడింది. నేను బఠాణీతో బెంచీ మీద కూర్చుని ఆ అల్లరి విన్నాను. కావాలనే ఆలస్యం చేశాను.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. ఒక స్టాపు చూసింది. రెండోది చూసిందో లేదో తెలియదు. తర్వాత నా భుజం మీద బరువు పడింది. చూస్తే నోరు తెరుచుకుని నిద్రపోతోంది, చొంగ నా జాకెట్టు మీద కారుతోంది. నేను కదలలేదు. స్టాపులన్నీ నేనే చూసుకుంటూ వచ్చాను.

మా స్టాపు వచ్చింది. లేపితే కళ్ళు తెరవకుండానే చేతులు చాచి, "ఎత్తుకో నానమ్మా" అంది.

ఏడేళ్ళ గాడిదని ఎత్తుకోవడానికి నా నడుము ఒప్పుకోదు. కండక్టరు కూడా వద్దన్నాడు. ఎత్తుకున్నాను. ఒక చేత్తో దాన్ని, ఇంకో చేత్తో బఠాణీని పట్టుకుని సందు మలుపు దాకా నడిచాను. బఠాణీ అక్కని చూసి నన్నూ ఎత్తుకోమని గోల పెట్టాడు. చాలా బరువుంది. దింపబుద్ధి కాలేదు.